గుట్ట పొలంలో ఫోర్ బై ఫోర్ బాట వేసుకోవడం ఎలా

అచ్చంపేట దిక్కునో దేవరకొండ దిక్కునో గుట్ట వాలుతో కలిపి నాలుగైదు ఎకరాలు కొన్నవాళ్ళు మొదట చేసే పని జేసీబీని పిలిపించడం. ఆపరేటర్ "ఎటు కొట్టాలె సార్?" అంటాడు. మనం గుట్ట కొస వైపు చెయ్యి చూపిస్తాం. సాయంత్రానికి కింది నుంచి పైదాకా నిట్టనిలువుగా ఎర్రటి బాట తయారవుతుంది. థార్ లాంటి ఫోర్ బై ఫోర్ బండి (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేది) దుమ్ము లేపుకుంటూ ఎక్కేస్తుంది, వీడియో కూడా బాగా వస్తుంది. అదే బాట దసరా నాటికి మోకాలి లోతు ఒర్రె అవుతుంది. కోసుకుపోయిన మట్టి అంతా కింద రైతు కంది చేలో పడుతుంది, అక్కడి నుంచి తగాదా మొదలు.

గుట్ట మీద బాట వేస్తే మీ బండి దాని మీద వారానికోసారి నడుస్తుంది. వాన నీళ్ళు మాత్రం మూడు నాలుగు నెలలు నడుస్తాయి. అందుకే ఈ పనిలో డ్రైవింగ్ కంటే నీళ్ళ సంగతే ఎక్కువ. కింద చెప్పేదంతా పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు మనకు కనిపించే చెల్క నేలలకు, గరుసు వాలులకు, గ్రానైట్ గుండ్ల గుట్టలకు సరిపోయేది.

కాయితాలు, హద్దులు

ఇది త్వరగా ముగిద్దాం కానీ వదిలేయొద్దు. భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం కనిపిస్తాయి, గుట్ట మీద మీ హద్దు రాయి ఎక్కడుందో కనిపించదు. సర్వేకు దరఖాస్తు పెట్టి, పక్క పొలాల వాళ్ళను పిలిచి, వాళ్ళ ఎదుటే రాళ్ళు పాతించుకోండి. గుట్ట భూముల్లో అసైన్డ్ పట్టాలు, అంటే సర్కారు పేదలకు ఇచ్చిన భూములు, ఎక్కువ. 1977 చట్టం ప్రకారం వాటి అమ్మకం చెల్లదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పోడు పట్టా వారసులకు వస్తుందే తప్ప అమ్మడానికి లేదు. ఇలాంటి నేల మీద బాటకు డబ్బు పోయడం దండగ.

అడవి హద్దు దగ్గరుంటే ఇంకా జాగ్రత్త కావాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోకి పోవడమే నేరం, ఇక బండి తోలడం సంగతి చెప్పనక్కర లేదు. మీ బాట చివర అడవిలోకి తెరుచుకునేలా ఉండకూడదు. హద్దుకు ఇవతల కనీసం ఇరవై ముప్పై మీటర్లు వదిలి వెనక్కి తిప్పండి. చెట్లు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. సొంత బండి తిప్పుకోవడం వేరు, టికెట్ పెట్టి జనాన్ని పిలవడం వేరు. రెండోది వ్యవసాయేతర వినియోగం అవుతుంది కాబట్టి నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం) చేయించుకున్నాకే ఆ ఆలోచన చేయండి.

గొడుగు పట్టుకుని నడవండి

మీ గుట్టను ఎండాకాలంలో చూస్తే ఏమీ అర్థం కాదు. జులై, ఆగస్టుల్లో గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు, గమ్‌బూట్లు వేసుకుని వాలంతా నడవండి. నీళ్ళు ఎక్కడ జమ అవుతున్నాయి, ఎక్కడ చీలుతున్నాయి, ఏ బండ మీద పలచగా పారుతున్నాయి, ఏ చోట ఎర్రగా మట్టిని ఎత్తుకుని దిగుతున్నాయి అన్నది కళ్ళతో చూడాలి. తేట నీళ్ళు దిగే చోట నేల గట్టిది. ఎర్ర నీళ్ళు దిగే చోట బాట వేయొద్దు. సున్నం వానకు పోతుంది కాబట్టి గుర్తుకు కర్రలు పాతి రంగు గుడ్డ పేలికలు కట్టండి.

ఇంకో పని కూడా చేయండి. ఆ గుట్ట మీద గొర్లు మేపే కాపరి ఎవరో ఉంటారు, ఆయన్ను పిలిచి చాయ్ పోయండి. "తాతా, పైకి బాట వెయ్యాలనుకుంటున్నం, ఎటు నుంచి బాగుంటది?" అని అడగండి. "ఆ మోదుగ చెట్టు కాడ వద్దు సారూ, వానకు ఆడ నీళ్ళు దుంకుతయ్. మా గొర్లు ఆ బండ పక్క నుంచి సుట్టు తిరిగి పోతయ్ సూడు, అట్ల పో" అంటాడు. గొర్లు నిట్టనిలువుగా ఎక్కవు. వాలుకు అడ్డంగా, కొద్దికొద్దిగా పైకి పోతూ నడుస్తాయి. ఏళ్ళ తరబడి అవి తొక్కిన బాట గుట్ట మీద సన్నని గీతలా కనిపిస్తుంది. మీ బాటకు మొదటి డ్రాయింగ్ అదే.

వాలు కొలవడం

కంటి అంచనా మోసం చేస్తుంది. కింది నుంచి చూస్తే ప్రతి గుట్టా నిలువుగానే కనిపిస్తుంది, పై నుంచి చూస్తే అంతా చదునే. మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు పదిహేను మీటర్లది తీసుకుని నీళ్ళు నింపండి, బుడగలు లేకుండా చూసుకోండి. ఇద్దరు మనుషులు, రెండు కొలత కర్రలు, ఒక టేపు చాలు. అడ్డంగా పది మీటర్ల దూరంలో నేల ఒక మీటరు లేస్తే అది 10 శాతం వాలు. ఒకటిన్నర మీటరు లేస్తే 15 శాతం. ఫోన్‌లో వాలు చూపించే యాప్ కూడా పనికొస్తుంది గానీ బాట గీత ఖరారు చేసేటప్పుడు పైపునే నమ్మండి.

ప్రధాన బాట 8 నుంచి 10 శాతం దాటకుండా ఉండాలి. ఇరవై ముప్పై మీటర్ల ముక్క ఒకటి రెండు చోట్ల 15 దాకా పోనివ్వొచ్చు. అంతకు మించిన ఎక్కుడు కావాలనిపిస్తే పరుపు బండ మీదే పెట్టుకోండి, మట్టి మీద వద్దు. ఇంకో లెక్క ఉంది: గుట్ట వాలు ఎంతుందో అందులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. గుట్ట 16 శాతం ఉంటే బాట 8 శాతమే. సగం దాటితే నీళ్ళు బాటను అడ్డంగా దాటిపోవడం మానేసి బాట పొడవునా పారడం మొదలుపెడతాయి, కోత పడేది అప్పుడే.

వెడల్పు నేరుగా ఉన్న చోట మూడు మీటర్లు, మలుపుల్లో నాలుగు. ఏ మలుపైనా మరీ బిగువుగా ఉంటే బండి రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి, ఆ రాపిడికి నేల తొలుచుకుపోతుంది. థార్, జిమ్నీ లాంటి బండ్లు ఒక్క తిప్పులో తిరగాలంటే పదకొండు పన్నెండు మీటర్ల వృత్తం పడుతుంది. కాబట్టి వెనక్కి మళ్ళే మలుపుకు పద్నాలుగు మీటర్ల చోటు చూసుకోండి, అక్కడ వాలు 5 శాతం లోపే ఉంచండి. అలాంటి చోటు దొరకకపోతే మలుపు మానేసి గీతను ఇంకొంచెం దూరం పొడిగించడం మేలు. అవకాశం ఉంటే ఎక్కే బాట వేరు, దిగే బాట వేరు పెట్టి చుట్టులా కలపండి. ఎదురెదురు బండ్ల టెన్షన్ ఉండదు.

తవ్వకం ఎప్పుడు, ఎలా

అక్టోబరు చివర, నవంబరు నెల మంచి సమయం. వానలు వెనకబట్టి ఉంటాయి, నేలలో ఇంకా పదును ఉంటుంది, పోసిన మట్టి బాగా కుదురుకుంటుంది. ఏప్రిల్‌లో తవ్విస్తే చెల్క నేల రాయిలా ఉండి పళ్ళ బకెట్ కూడా దిగదు, వచ్చిన మట్టి పొడి పొడిగా లేచిపోతుంది. జేసీబీకి గంట లెక్కన కడతారు కాబట్టి ఆ తేడా జేబులో కూడా తెలుస్తుంది.

వాలుకు అడ్డంగా బాట చెక్కేటప్పుడు పై వైపు కోసి, ఆ మట్టిని కింది వైపు పోస్తారు. పని తొందరగా అవుతుంది కానీ సగం బాట కోసిన నేల మీద, సగం పోసిన మట్టి మీద ఉంటుంది. రెండు చక్రాల గాళ్ళూ కోసిన నేల మీదే పడేలా చూసుకోండి. పోసిన మట్టి అంచు మాత్రమే. తప్పనిసరిగా దాని మీద నడవాల్సి వస్తే, ముందు గుట్ట నేలలో మెట్టు కోయించి, అడుగున పెద్ద రాళ్ళు పేర్చి, మట్టిని అర అడుగు పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి తొక్కించాలి. రోలర్ దొరక్కపోతే రాళ్ళు నింపిన ట్రాలీతో ట్రాక్టర్‌ను పది పదిహేను సార్లు తిప్పించండి.

ఆపరేటర్ ఎంత పనిమంతుడైనా పక్కన మట్టి పని తెలిసిన మేస్త్రీ ఒకరు ఉండాలి. దేశంలో ఎన్ని ఆనకట్టలకు, కాల్వలకు పాలమూరు కూలీలు మట్టి మోశారో మనకు తెలుసు. ఆ పని చేసొచ్చిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళలో ఉన్నారు. గుప్పెడు మట్టి పిసికి చూసి అది నిలుస్తుందో జారుతుందో చెప్పగలరు. వాళ్ళకిచ్చే కూలి ఖర్చు కింద లెక్కేయొద్దు.

నీళ్ళను బయటికి పంపడం

అసలు పని ఇక్కడుంది. బాట ఉపరితలాన్ని లోయ వైపు కొద్దిగా వంచండి: మూడు మీటర్ల వెడల్పుకు పది పన్నెండు సెంటీమీటర్లు చాలు. పై నుంచి వచ్చిన నీళ్ళు పలచటి పొరలా బాటను దాటి కిందికి పోతాయి. చాలామంది గుట్ట వైపు వంచి, పక్కన కాల్వ తీయిస్తారు. చూడటానికి పద్ధతిగా ఉంటుంది కానీ ఆ కాల్వలో ఆకులు, రాళ్ళు నిండితే నీళ్ళన్నీ బాట మీదికి ఎక్కుతాయి. పొలం బాటకు బయటి వంపే మంచిది. అవతల లోతైన లోయ ఉన్న మలుపులు మాత్రం దీనికి మినహాయింపు. అక్కడ బండి బయటికి జారే ప్రమాదం ఉంది కాబట్టి లోపలికే వంచాలి.

వంపు ఒక్కటే సరిపోదు. రెండు నెలలు బండి నడిస్తే చక్రాల గాళ్ళు పడతాయి, గాడి పడితే నీళ్ళు అందులోనే పారతాయి. అందుకని నడుమ నడుమ నీటి పల్లాలు పెట్టాలి. ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ లాంటి పొట్టి గడ్డ వేస్తే రెండు వారాల్లో టైర్లు దాన్ని చదును చేస్తాయి. నీటి పల్లం పొడవుగా ఉండాలి. పై నుంచి దిగే వైపు ఆరేడు మీటర్ల దూరం మెల్లగా లోతు చేసుకుంటూ వచ్చి, అన్నిటికంటే లోతైన చోట ఒక అడుగు లోతు దాకా దించాలి. ఆ తవ్విన మట్టినే కింది వైపు నాలుగైదు మీటర్ల పొడవున వీపులా పోసి తొక్కించాలి. పల్లం అడుగు బాటకు కొంచెం ఏటవాలుగా లోయ వైపు దిగాలి. నీళ్ళు బయటపడే చోట ఒకటిన్నర రెండు మీటర్ల మేర రాళ్ళు పరవాలి, లేకపోతే అక్కడి నుంచే కొత్త ఒర్రె పుడుతుంది.

ఎంత దూరానికొకటి? గరుసు నేలలో నేను పాటించే లెక్క ఇది: 5 శాతం వాలులో 40 మీటర్లకు ఒకటి, 10 శాతంలో 25 మీటర్లకు, 15 శాతంలో 15 మీటర్లకు. దుబ్బ నేలైతే ఈ దూరాలు సగం చేయండి.

తవ్వాక వాన కోసం ఆగక్కర లేదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి ట్రాక్టర్ మీద పెట్టి, పల్లానికి పది మీటర్ల పైన ఒక్కసారి ఒంపేయండి. నీళ్ళు పల్లంలోకి వచ్చి, మలుపు తీసుకుని, రాళ్ళ మీదుగా బయటికి పోతే సరి. వీపు ఎక్కి కిందికి కారితే వీపు ఎత్తు పెంచాలి. పల్లంలోనే నిలిచిపోతే బయటి వైపు ఇంకొంచెం కోయాలి. జేసీబీ అక్కడుండగానే ఈ పరీక్ష చేయండి, పోయాక మళ్ళీ పిలిపించడం పెద్ద తతంగం.

ఒర్రెను దాటాల్సి వస్తే సిమెంట్ తూములు వేయొద్దు. తంగేడు పుల్లలు, ఎండుగడ్డి అడ్డం పడి మొదటి గట్టి వానకే మూసుకుపోతాయి, తర్వాత నీళ్ళు బాటనే కోస్తాయి. రెండు వైపుల నుంచీ బాట ఒర్రెలోకి దిగి మళ్ళీ ఎక్కేలా గీత గీయండి. వరద పొంగినా నీళ్ళు అదే ఒర్రెలో పోతాయి, మీ బాట పట్టుకుని రావు. దాటే చోట నాలుగు మీటర్ల వెడల్పున చదును రాళ్ళు పరిపించి, కింది అంచున పెద్ద రాళ్ళను ఒకటిన్నర అడుగు లోతున పాతించండి. ఈ పనికి సిమెంట్ కంటే వడ్డెర మేస్త్రీ చేసిన పొడి రాతి కట్టు ఎక్కువ కాలం నిలుస్తుంది, నీళ్ళను లోపలి నుంచి వదులుతుంది కాబట్టి ఉబ్బి పగలదు.

గుండ్లతో ఆటలొద్దు

మన గుట్టల మీది గుండ్లు చూడటానికి వేలాది ఏళ్ళుగా కదలనట్టే ఉంటాయి. చాలావాటికి కింద ఆనుకున్న చిన్న రాయే ఆధారం. బాటకు అడ్డమని ఆ చిన్న రాయిని పెకిలిస్తే పైది జారుతుంది. తీయాల్సిన రాయి మీద పక్క నుంచి, పై వైపు నుంచే చెయ్యి వేయండి, కింది వైపు మనుషులు ఉండకూడదు. అనుమానంగా ఉంటే బాటనే పక్కకు తిప్పండి. లైసెన్సు లేకుండా పేల్చడం నేరం, ఊళ్ళో ఎవరో చేసిపెడతామన్నా ఒప్పుకోవద్దు. పెద్ద గుండ్ల సందుల్లో ఎలుగుబంట్లు, చరియల కింద పెద్ద తేనెటీగల పట్లు ఉండొచ్చు. పని మొదలుపెట్టే ముందు పగటి వెలుతురులో ప్రతి సందూ దూరం నుంచి చూసుకోండి.

సరదా కోసం అడ్డంకులు

ప్రధాన బాట గట్టిగా నిలిచాకే వీటి జోలికి పోండి. ప్రతి అడ్డంకికీ పక్క నుంచి పోయే మామూలు దారి తప్పనిసరి. ఇరుసుల వంపు పరీక్షకు ఎడమ, కుడి వైపుల మార్చి మార్చి గుంతలు తీస్తారు. ఎడమ గుంతకూ కుడి గుంతకూ మధ్య దూరం బండి రెండు ఇరుసుల మధ్య దూరమంత ఉంటే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి దిగుతాయి. మూడు డోర్ల థార్‌కు ఆ దూరం 2.45 మీటర్లు, జిమ్నీకి 2.59. కాబట్టి రెండున్నర మీటర్ల దగ్గర పెడితే రెండిటికీ పనికొస్తుంది. లోతు అడుగున్నర మించొద్దు. రాతి మెట్లకు అడుగులోపు ఎత్తు చాలు. జిమ్నీ కింది ఖాళీ 21 సెంటీమీటర్లే కాబట్టి మెట్టు మీద ఎక్కడ చక్రం పెట్టాలో చూపించే మనిషి ఉండాలి.

బురద గుంత కావాలని బోరు నీళ్ళు వదిలేవాళ్ళు ఉన్నారు. పాలమూరులో బోరు ఎంత లోతు పోతే నీళ్ళు పడతాయో తెలిసినవాళ్ళు చేసే పని కాదది. నీటి పల్లాల నుంచి దిగిన నీళ్ళు చివర ఒక చిన్న కుంటలో చేరేలా చేయండి. వానాకాలంలో అదే బురద గుంత, మిగతా కాలంలో నేలలోకి ఇంకే నీటి గుంత.

తోలేటప్పుడు

గరుసు, రాతి బాటకు టైర్లలో గాలి 20 నుంచి 22 పీఎస్ఐ దాకా దించండి, దుబ్బలో 18 దాకా. అంతకంటే కిందికి దిగితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ నింపాలి కాబట్టి చిన్న కంప్రెసర్ బండిలో ఉంచుకోండి. ఎక్కుడు మొదలయ్యాక గేర్లతో కుస్తీ పట్టొద్దు, కిందే ఆపి ఫోర్ లో (4L, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేరు) వేసుకోండి. స్టీరింగ్ మీద బొటనవేళ్ళు లోపలికి చుట్టొద్దు. చక్రం రాయికి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది.

ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే బండిని పక్కకు తిప్పే ప్రయత్నం అస్సలు చేయొద్దు, బోల్తా పడేది అక్కడే. బ్రేకు గట్టిగా పట్టి, రివర్స్ వేసి, వచ్చిన గాళ్ళలోనే నేరుగా వెనక్కి దిగండి. దిగుడులో మొదటి గేరు, క్లచ్ మీద కాలు వద్దు, ఇంజనే బండిని పట్టుకుంటుంది. బయట నిలబడి దారి చూపేది ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి "అన్నా ఇటు, బావా అటు" అని అరిస్తే డ్రైవర్‌కు ఏదీ వినపడదు. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు తాడు బంపర్‌కు కట్టొద్దు, చాసిస్‌కు ఉన్న కొక్కేనికే కట్టండి. తాడు మీద బరువైన గోనె పట్టా వేసి, జనాన్ని తాడు పొడవుకు రెట్టింపు దూరం పంపండి. తెగిన తాడు ప్రాణం తీయగలదు.

మార్చి నుంచి మే దాకా ఇంకో ప్రమాదం ఉంది. బాట నడుమ మొలిచిన ఎండుగడ్డి సైలెన్సర్‌కు, దాని ముందుండే కెటలిటిక్ కన్వర్టర్‌కు తగిలితే అంటుకుంటుంది. బాట మీద గడ్డి ముందే కోయించండి, గడ్డి మీద బండి ఆపి ఇంజన్ ఆన్‌లో ఉంచొద్దు. అగ్నిమాపక సిలిండర్, ఒక క్యాన్ నీళ్ళు బండిలో ఉండాలి. పొద్దు గూకాక తోలొద్దు, అది జంతువులు తిరిగే వేళ. ఇన్సూరెన్స్ కాయితం కూడా ఒకసారి చదవండి: పందేలకు మామూలు పాలసీ వర్తించదు, నీళ్ళు చొచ్చి ఇంజన్ పాడైతే దానికి విడిగా కవర్ తీసుకుని ఉండాలి.

ఏటా చేయాల్సిన పని

మట్టి పోసిన అంచుల మీద తంగేడు, వావిలి, సీతాఫలం పెంచండి. మేకలు వీటిని ముట్టవు, వేర్లు మట్టిని పట్టుకుంటాయి. నీళ్ళు బయటపడే చోట్ల వట్టివేరు వరస బాగా నిలుస్తుంది. గట్టి వాన పడ్డాక కనీసం రెండు రోజులు బాట మీద బండి తిప్పకండి, తడి మీద పడిన గాడి తర్వాత వానకు కాల్వ అవుతుంది. మిరుగు చినుకులు పడకముందే ఒకసారి పార పట్టుకుని పై నుంచి కిందికి నడిచి, ప్రతి నీటి పల్లంలో చేరిన మట్టి తీసేయండి, బయటి రాళ్ళు సర్దండి. మొదటి పెద్ద వాన తర్వాత మళ్ళీ అదే చేయండి. బాగు చేసిన చోటే రెండో వానకూ కోత పడిందంటే అక్కడ మట్టి నింపుకుంటూ కూర్చోవద్దు, దానికి పది మీటర్ల పైన ఇంకో పల్లం తవ్వించండి.